నాకు పడని బల్ల రొట్టె

నెల మొదటి ఆదివారం మా ఉదయగిరి చర్చిలో ప్రభువు బల్ల, యేసు శరీరమని రొట్టె, రక్తమని ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. ఆడవాళ్ళం ఎడమవైపు చాపల మీద కూర్చుంటాం, మగవాళ్ళు కుడివైపు. సంఘపెద్ద ఒకాయన స్టీలు పళ్ళెంలో రొట్టె ముక్కలు పట్టుకుని వరుస వరుసకూ వస్తాడు. వెనకాలే ఇంకొకాయన చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం తెస్తాడు. నాది ఐదో వరుస. పళ్ళెం మూడో వరుసకు వచ్చేసరికి నా చేతులు ఊరికే ఉండవు. ముసుగు సర్దుకుంటాను, పాటల పుస్తకం తెరిచి మూస్తాను, గోళ్ళు గిల్లుకుంటాను. పళ్ళెం నా ముందుకు వచ్చాక తల అడ్డంగా ఊపుతాను. పెద్దాయన ఒక్క క్షణం ఆగి పక్కామెకు అందిస్తాడు. రొట్టె తీసుకోని మనిషికి రసం కూడా ఇవ్వరు కాబట్టి రెండో ఆయన అసలు ఆగడు. ఆ కాస్త సేపట్లో చర్చిలో కళ్ళన్నీ నా మీదే ఉన్నట్టుంటుంది. ఉన్నట్టుండటం కాదు, ఉంటాయి. ఇదివరకు నేనూ అలా చూసినదాన్నే.

బయటివాళ్ళకు ఇందులో ఇంత బాధ ఏముందో అర్థం కాదు. మాలో బల్ల మానిన మనిషంటే ఏదో ఉన్న మనిషి. పాపమైనా దాచుకుని ఉండాలి, లేదా ఎవరితోనో గొడవపడి రాజీ కాకుండా ఉండాలి. అందుకే బల్లకు ముందు శనివారం సాయంత్రం మా వీధిలో పెద్ద హడావుడి. కొళాయి దగ్గర తిట్టుకున్న ఆడవాళ్ళు, పొలం గట్టు దగ్గర కొట్టుకున్న అన్నదమ్ములు ఒకరింటికి ఒకరు పోయి, "మనసులో పెట్టుకోబాకండి" అని చెప్పుకుని టీ తాగి వస్తారు. సోమవారం మళ్ళీ మొదలుపెట్టినా సరే, ఆదివారానికి మాత్రం శుభ్రంగా ఉండాలి. నేను వరసగా ఏడు నెలలు బల్ల మానాను. ఇక వీధి ఏమనుకుని ఉంటుందో చెప్పక్కర్లేదు.

నాకున్నది సీలియాక్ అనే జబ్బు. గోధుమలో ఉండే జిగురు పదార్థం లోపలికి పోతే నా పేగులు తమని తామే పాడు చేసుకుంటాయి. ఈ సంగతి తెలియడానికి ఆరేళ్ళు పట్టింది. కడుపుబ్బరం, విరేచనాలు, ఒంట్లో రక్తం లేకపోవడం, మెట్టు ఎక్కితే ఆయాసం. కొందరు గ్యాసన్నారు, కొందరు టెన్షనన్నారు, ఒక డాక్టరైతే నలభై దాటిన ఆడవాళ్ళకు ఇది మామూలేనని టానిక్ రాసిచ్చాడు. మన దగ్గర జబ్బు చేసిన మనిషికి పెట్టే పథ్యం ఏమిటి? బ్రెడ్డు. ఆసుపత్రిలో పడుకుంటే చూడవచ్చినవాళ్ళందరి చేతుల్లో బ్రెడ్డు ప్యాకెట్టే. సంఘం వాళ్ళు నా మంచం చుట్టూ నిలబడి కన్నీళ్ళతో ప్రార్థన చేసి, ఆ బ్రెడ్డు పాలల్లో ముంచి దగ్గరుండి తినిపించి మరీ వెళ్ళేవాళ్ళు. వాళ్ళ ప్రేమ తిన్నకొద్దీ నేను చిక్కిపోయాను.

అందరికంటే ఎక్కువ తినిపించింది మా వదిన. మా ఆయనకు అక్క. భర్త పోయాక రెండు సందుల అవతల ఒక్కతే ఉంటోంది. గోధుమరవ్వ జావ కాచి, మూత మీద తడిగుడ్డ చుట్టి, పొద్దున్నే తెచ్చేది. నేను వద్దంటే వినేది కాదు. "రక్తం పట్టాలంటే గోధుమే మే. తాగు" అని గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేది. ముప్పై ఏళ్ళుగా చర్చికి బల్ల రొట్టె చేసేది కూడా ఆమే. శనివారం తలస్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా, ఉప్పు కూడా వేయకుండా పలచని గోధుమ రొట్టెలు ఒత్తి కాలుస్తుంది. ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వదు.

చివరికి నెల్లూరులో ఒక పెద్ద డాక్టరు నోట్లోంచి గొట్టం వేసి చూసి జబ్బు పేరు చెప్పాడు. "ఇది నిజానికి ఎలర్జీ కాదమ్మా. కానీ జనానికి ఎలర్జీ అనే చెప్పు, అప్పుడే వింటారు" అన్నాడు. మందు లేదట. బతికున్నంత కాలం గోధుమ, మైదా, రవ్వ, బార్లీ తాకకూడదట. నలుసైనా సరేనట. నేను ఆ నలుసు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మా ఆయన బస్సులో, "చపాతీ మానితే సరిపోద్ది గదా" అన్నాడు. ఆయన ధైర్యం చెప్పాలనే అన్నాడు కానీ నాకు ఒళ్ళు మండింది. ఆత్మకూరు దాకా ఆయనతో మాట్లాడలేదు.

ఆత్మకూరు మా అమ్మగారి ఊరు. అమ్మకు విషయం చెబితే నవ్వేసింది. "మీ అవ్వ పుట్టినకాడి నుంచి పొయ్యేదాకా జొన్నసంగటి, సజ్జరొట్టె తప్ప గోధుమ ఎరగదు. ఈ గోధుమలు మనకు నిన్న గాక మొన్న వచ్చినాయి. పోతే పోనీ" అంది. తినడానికి ఏమీ లేదని ఏడ్చుకుంటూ వచ్చినదాన్ని, ఆ పూట రాగిసంగటి, పుల్లకూర పెడితే రెండు ముద్దలు అదనంగా తిన్నాను. అమ్మ మాట నిజమే. అయితే అవ్వ కాలంలో ఇంటి తిరగలి ఇంటి గింజలే విసిరేది. ఇప్పుడు ఊరందరి గింజలూ ఒకే పిండిమరలో పడుతున్నాయి.

జొన్నపిండి తిన్నా కడుపు మండుతుంటే, నాకు ఆ సంగతి రెండు నెలల తర్వాత తట్టింది. మరలో నా జొన్నలకు ముందు పోసినవి ఎవరివో గోధుమలు. మర మూతికి కట్టిన గుడ్డగొట్టం నిండా ఆ పిండే. మా వీధి మరాయన్ని కడగమంటే, "గిరాకీ టైములో మర ఆపేదెట్టా అక్కా" అన్నాడు. ఆత్మకూరులో అమ్మవాళ్ళ వీధి చివర మరాయన ఒప్పుకున్నాడు. సోమవారం పొద్దున్నే మొదటి గిరాకీ నాది. ఆయన మర దులిపి, నేను కుట్టి తెచ్చిన కొత్త గుడ్డగొట్టం తగిలిస్తాడు. మొదటి రెండు కిలోల బియ్యం మర నోరు కడగడానికే పోతాయి, ఆ పిండి ఆయన బర్రెకు. ఆ తర్వాత ఆడింది నాకు. "కిరస్తానీవాళ్ళు గదమ్మా మీరు, మీకీ మడేంది?" అంటాడు ప్రతిసారీ. అన్నిసార్లూ నవ్వుతాను. నాకు నవ్వు రాని రోజు కూడా నవ్వుతాను, ఆయన మర లేకపోతే నాకు రొట్టె లేదు.

పిండి డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం కూర్చున్నప్పుడు, అనుమసముద్రంపేట దర్గాకు పోయే జనం పక్కన కూర్చునేవాళ్ళు. ఒంట్లో బాగాలేని పిల్లను ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు, కాలు ఈడ్చేవాళ్ళు. ఒకసారి ఒక ముసలామె నాకు బిస్కెట్టు ఇవ్వబోయింది. పడదని చెబితే, "రామ్మా, దర్గాలో రెండు దినాలు నిద్ర చేసి పోదువు, నయమవుద్ది" అంది ఎంతో ఆప్యాయంగా. నేను ప్రభువును నమ్ముకున్నానని చెప్పాను. "మరి ఆయన దగ్గరైనా నిద్ర చెయ్యి" అంది ఆమె. ఆమె మామూలుగా అన్న మాట నాకు మూడు రోజులు నిద్ర లేకుండా చేసింది. ఆయన బల్ల దగ్గరే నాకు పడనిది పెట్టారు, ఇంకెక్కడ నిద్ర చేసేది? వంటింట్లో పొయ్యి ముందు నిలబడి దేవుడితో ఇలాగే మాట్లాడేదాన్ని. ప్రార్థన అనేకంటే పోట్లాట అనాలి. నీ రొట్టె తినలేని దాన్ని నీ బిడ్డనెలా అవుతానో చెప్పు అనేదాన్ని. జవాబు రాకపోతే గిన్నెలు గట్టిగా తోమేదాన్ని.

ఇల్లు మార్చేశాను. నా పెనం వేరు, అట్లకాడ వేరు, జల్లెడ వేరు. ప్యాకెట్ల వెనకాల చీమతల అక్షరాలు ఎండలో పెట్టి చదివేదాన్ని. అయినా పులిహోర తిన్నప్పుడల్లా పడకేసేదాన్ని. చూస్తే ఇంగువ. ఆ డబ్బాలో ఇంగువ కంటే గోధుమపిండే ఎక్కువని వెనకాల రాసే ఉంది. ఇంగువ లేకుండా పులిహోర చేస్తే మా ఆయన ఒక ముద్ద తిని, ఏమీ అనకుండా ఊరగాయ కలుపుకున్నాడు. పాపం, ఆ మాత్రం సహనం ఆయనకు ఉంది.

వదిన మాత్రం నమ్మలేదు. గోధుమ తింటే జబ్బేమిటి, అది దేవుడు ఇచ్చిన గింజ కాదా అనేది. జబ్బు తెలిసిన రెండో నెల ఉపవాస ప్రార్థన జరిగింది. అది అయ్యాక నా తల మీద చెయ్యి పెట్టి, "ఇంటి చపాతీ మానుకో, నేను కాదనను. కానీ ఇది ఆయన శరీరం మే. విశ్వాసంతో తిను, ఏం కాదు. నువ్వు మానితే నీకు నమ్మకం లేదనే గదా అర్థం" అంది. నాకూ తినాలనే ఉంది. ఎవరూ బలవంతంగా నోట్లో పెట్టలేదు. ఆ ఆదివారం కళ్ళు మూసుకుని, నాకు నయమైపోయిందని నమ్మి, బొటనవేలి గోరంత ముక్క తిన్నాను. ఆ సాయంత్రానికే మొదలైంది. ఎనిమిది రోజులు మంచం మీద ఉన్నాను, రెండు సెలైన్లు ఎక్కాయి. వదిన చూడవచ్చి గుమ్మంలో నిలబడి, "ఎక్కడో సందేహం పెట్టుకుని తిన్నావు" అంది.

ఆ మాట నేను మరిచిపోలేదు. ఒంట్లో ఓపిక వచ్చాక కూడా ఆమె ఇంటికి పోలేదు. ఎదురుపడితే వందనాలు చెప్పి తల తిప్పుకునేదాన్ని. శనివారాలు వచ్చి పోయేవి, ఇద్దరం ఒకరి గడప ఒకరం తొక్కలేదు. నేను బల్ల మానింది గోధుమ వల్ల, అది నిజం. వదిన మీద కోపంతో మానిందని వీధిలో అనుకున్నారు, ఆ కోపమున్న మాట కూడా అబద్ధం కాదు. పక్కింటి ఆమె ఒకరోజు కూర గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి, "మీ ఇంట్లో ఏందో జరగతా ఉండాదంట గదా?" అని సూటిగానే అడిగింది. మింగలేక కక్కలేక గిన్నె అందుకుని లోపలికి పోయాను.

చర్చి అయ్యగారిని కలిసి, అందరికీ బియ్యప్పిండి రొట్టె చేస్తే నాకూ కుదురుతుంది కదా అని అడిగాను. ఆయన మెత్తని మనిషి. పెద్దలతో మాట్లాడతానన్నాడు, మాట్లాడాడు కూడా. రొట్టె అంటే గోధుమ రొట్టే, అందరం తినేది ఒకే రొట్టె కావాలి అన్నారట పెద్దలు. నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఒకే రొట్టె కోసం ఒక మనిషిని బయట కూర్చోబెడతారా అని అడగాలనుకున్నాను. అడగలేదు. చర్చి మానేద్దామా, ఇంట్లోనే ప్రార్థన చేసుకుందామా అని చాలాసార్లు అనుకున్నాను. మళ్ళీ ఆదివారం పొద్దున ముసుగు ఇస్త్రీ చేసుకుని బయలుదేరేదాన్ని. ఆ ఐదో వరుస తప్ప నాకు ఇంకో చోటు లేదు.

ఎనిమిదో నెల బల్లకు ముందు శనివారం, మధ్యాహ్నం పూట, వదిన మా గుమ్మంలోకి వచ్చింది. చెప్పులు విడిచి లోపలికి రాకుండా గడప మీద కూర్చుంది. నేను జొన్నరొట్టెలు తడుతున్నాను. చేతి పిండి కడుక్కోవాలని కూడా తోచలేదు.

"నా వల్లనే గదా నువ్వు బల్ల మానింది" అంది.

"నీ వల్ల కాదు వదినా. గోధుమ వల్ల."

"నా వల్ల గూడా" అంది.

నేను కాదనలేదు. కాదంటే ఆ శనివారం అబద్ధం చెప్పినట్టవుతుంది. పెనం మీద రొట్టె తిరగేశాను.

"నీకు సందేహమని అన్నాను గదా. ఆ మాట అని ఇంటికి పోతే ఆ రోజు నాకు అన్నం దిగలేదు. రావాలంటే మొహం చెల్లలేదు" అంది వదిన. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, కొంగుతో నా చేతి పిండి తుడిచింది. ఆ తర్వాత అసలు విషయం చెప్పింది. అయ్యగారిని, పెద్దలను తనే పోయి కలిసిందట. అందరికీ గోధుమ రొట్టే, నాకు మాత్రం బియ్యప్పిండితో ఒక చిన్న రొట్టె, వేరే గిన్నెలో. "బల్లకు ముప్పై ఏళ్ళు నేను రొట్టె చేసి పెట్టినాను, ఒక్క దినం మీరు నా మాట వినలేరా?" అని అడిగేసరికి పెద్దలు తలలూపారట.

ఆత్మకూరులో ఆడించిన బియ్యప్పిండి డబ్బా ఇచ్చాను. నా పెనం ఇచ్చాను, అట్లకాడ ఇచ్చాను. గోధుమ రొట్టెలు కాల్చకముందే ఇది చెయ్యమన్నాను, చేతులు సబ్బుతో కడుక్కోమన్నాను, నీ గుడ్డ వాడబాక, నాది తీసుకుపో అన్నాను. వదిన ప్రతి మాటకూ చిన్నపిల్లలా తలూపింది. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. మా ఆయన రెండుసార్లు లేచి, కడుపులో బాగాలేదా అని అడిగాడు.

ఆదివారం వదిన తను మామూలుగా కూర్చునే ముందు వరుస వదిలి నా పక్కన వచ్చి కూర్చుంది. ఒక సహోదరి ఆరోగ్యం కారణంగా వేరే రొట్టె ఇస్తున్నామని అయ్యగారు ముందే చెప్పాడు. అందరూ నా వైపు తిరిగి చూశారు. ఈసారి ఆ చూపులు బాగున్నాయి. పెద్దాయన ఒక చేతిలో పళ్ళెం, ఇంకో చేతిలో మూత పెట్టిన చిన్న గిన్నె పట్టుకుని వచ్చాడు. వంగి మూత తీశాడు. తెల్లటి, పలచటి, గుండ్రటి రొట్టె. ముక్క తుంచాను. తుంచిన ముక్క అడుగున గోధుమరంగు చుక్కలున్నాయి, అక్కడక్కడా మాడిన పొడి.

వంట చేసే మనిషికి ఆ చుక్కలు చెప్పాల్సింది చెప్పేస్తాయి. బియ్యప్పిండి పెనం మీద అంత తొందరగా ఎర్రబడదు. నేను బియ్యప్పిండి రొట్టె చేత్తో తడతాను. వదినది కర్రతో ఒత్తే చెయ్యి. ఒత్తేటప్పుడు అతుక్కుంటుంది. అతుక్కుంటే పొడిపిండి చల్లాలి. అన్నీ జాగ్రత్తగా చెప్పినదాన్ని, ఈ ఒక్కటి నాకు తోచలేదు.

ముక్క వేళ్ళ మధ్య ఉంది. తింటే మళ్ళీ ఎనిమిది రోజులు, ఈసారి ఇంకెన్నో. తినకపోతే ఆమెను ఇంతమంది ముందు అవమానించినట్టు. నోటి దాకా తెచ్చాను కూడా. ఎనిమిది రోజులే కదా, పడి లేస్తాను, ఈమె మొహం చిన్నబోవడం కంటే అది నయం అనుకున్నాను. కానీ అలా తింటే అది విశ్వాసం కాదు, మొహమాటం. మొహమాటానికి ఆయన బల్ల తినడం నాకు భయమేసింది.

"వదినా, ఒత్తేటప్పుడు ఏం చల్లినావు?" అన్నాను. మెల్లగానే అన్నాను, కానీ అందరూ నిశ్శబ్దంగా ఉండే సమయం అది. వెనక వరుసల దాకా వినపడింది.

"పిండి" అంది.

"ఏ పిండి?"

"నా డబ్బాలోది. ఊరికే చల్లినాను మే, కలపలేదు." అంటూనే ఆమె చెయ్యి నోటి దగ్గరికి పోయింది. ముప్పై ఏళ్ళ అలవాటు, కర్ర పట్టుకోగానే చెయ్యి గోధుమపిండి డబ్బాలోకి పోయి ఉంటుంది. ఆమెకు తెలిసి కూడా ఉండదు.

నేను ముక్కను తిరిగి గిన్నెలో పెట్టాను. ప్రార్థన చేసిన రొట్టెను తిరిగి పెట్టడం మా చర్చిలో ఎవరూ చూసి ఉండరు. పెద్దాయనకు ఏం చెయ్యాలో తోచలేదు. గిన్నెకు మూత పెట్టి, గోధుమ రొట్టెల పళ్ళెం వదిన ముందుకు చాపాడు. తన చేత్తో చేసిన రొట్టెలు. భర్త పోయిన నెలలో కూడా ఆమె బల్ల మానలేదు, ఆ నెల తెల్లచీరలో వచ్చి మొదటి వరుసలో కూర్చుని తీసుకుంది.

వదిన పళ్ళెం వైపు చూడలేదు.

"తీసుకోమ్మా" అన్నాడు ఆయన.

"దీన్ని పస్తు పెట్టి నేనెట్ట తినేది? మీరు పోండన్నా, తర్వాతోళ్ళకు ఇయ్యండి" అంది.

నాకు ముందు కోపం వచ్చింది. నిన్నెవరు మానమన్నారు, ఇప్పుడు వీధి మనిద్దరి గురించీ చెప్పుకుంటుంది అని ఆమె భుజం పట్టుకుని ఊపేయాలనిపించింది. ఆమె వైపు తిరిగాను. ముందు వరుసల్లో తలలు వెనక్కి తిరుగుతున్నాయి. పళ్ళెం ఆమెను దాటి ఆరో వరుసకు పోయింది, ఆమె కళ్ళు దాని వెంటే పోయాయి. నాకు బాగా తెలిసిన చూపు అది. ఇన్ని నెలలు నేను ఎవరికీ చెప్పలేకపోయిన ఆకలిని ఆమె ఆ పూట నా పక్కన కూర్చుని తెలుసుకుంది.

రసం గ్లాసులు తెచ్చినాయన మా ఇద్దరినీ దాటి వెళ్ళాడు. వదిన మోకాలు నా మోకాలికి తగిలేలా దగ్గరికి జరిగి కూర్చుంది.